‘పోలరైజ్’ను తెలుగులో రాసేటప్పుడు

ముప్పై ఏళ్లుగా హైదరాబాద్‌లో అనువాదమే నా వృత్తి. నా కలాన్ని ఎక్కువసార్లు ఆపిన ఇంగ్లిష్ మాటల్లో పోలరైజ్ ఒకటి. వృత్తిలో చేరిన కొత్తలో, పోల్ అంటే ధ్రువమే కదా అని, ఒక ఎన్నికల వార్తలో ‘ఓట్ల ధ్రువీకరణ’ అని రాశాను. మర్నాడు మలక్‌పేట నుంచి ఒక పెద్దాయన ఫోన్ చేశారు: ‘‘అమ్మా, ఓట్లను ఎక్కడ ధ్రువీకరిస్తున్నారు? ఏ కాగితాలు తీసుకెళ్లాలి?’’ ఆయన అడగడంలో తప్పేమీ లేదు. కుల ధ్రువీకరణ పత్రం, ఆదాయ ధ్రువీకరణ పత్రం అంటూ మనవాళ్లు తిరిగేది ఆ మాట పట్టుకునే. ధ్రువమంటే కదలనిది, నిశ్చయమైనది. ధ్రువీకరణ ఆ అర్థం నుంచి పుట్టింది. ఉత్తర, దక్షిణ ధ్రువాలు అక్కడ గుర్తుకు రావు.

అందుకే, ముందు ఆ వాక్యం దేని గురించో చూడండి.

కాంతి గురించైతే ‘ధ్రువణం’ అని నిశ్చింతగా రాయండి. పాఠ్యపుస్తకాల మాట అదే. అయితే రాసేముందు ఒకసారి దాన్ని కళ్లతో చూడాలని నా కోరిక. వేసవిలో సాయంత్రం నాలుగింటికి పోలరైజ్డ్ కళ్లద్దాలు పెట్టుకుని ట్యాంక్‌బండ్ మీద నిలబడి, హుస్సేన్‌సాగర్‌లో ఎండ తళతళలాడే చోటును చూడండి. మిరుమిట్లు బాగా తగ్గి నీటి అసలు రంగు బయటపడుతుంది. అద్దాలు తీసి కంటి ముందే నిలువుగా తిప్పి పట్టుకోండి, ఆ తళుకు మళ్లీ వచ్చేస్తుంది. మామూలు ఎండలో కాంతి తరంగాలు అన్ని దిశల్లో కంపిస్తుంటాయి. నీటి మీద పడి తిరిగొచ్చిన కాంతిలో అడ్డ కంపనాలదే పైచేయి. ఆ అద్దాలు వాటినే ఆపేస్తాయి. 1808లో ఫ్రెంచి శాస్త్రవేత్త మాలుస్ పారిస్‌లోని లక్సెంబర్గ్ భవనం కిటికీల మీద మెరిసే ఎండను స్ఫటికంలోంచి చూసి ఈ గుణాన్నే పట్టుకున్నాడు. పేరు పెట్టిందీ ఆయనే. ఇందులో చీలిక లేదు, రెండు పక్షాలు లేవు. చెదిరినది ఒక దిశకు రావడమే ఉంది. ‘కాంతి రెండుగా చీలింది’ అని రాస్తే విషయం తలకిందులవుతుంది.

విద్యుత్తు గురించైనా ఇదే మాట. పాత వోల్టా ఘటంలో, అంటే తొలినాటి బ్యాటరీలో, రాగి పలక మీద హైడ్రోజన్ బుడగలు పేరుకుని విద్యుత్ ప్రవాహం తగ్గిపోతుంది. దాన్నీ ధ్రువణమనే అంటారు.

మనుషుల దగ్గరికి వచ్చేసరికి ఆ మాట పనికిరాదు. మా అపార్ట్‌మెంట్‌లో మంజీరా నీళ్లకు మీటర్లు పెట్టాలా, ఖర్చు సమానంగా పంచుకోవాలా అన్న మాట లేచింది. మొదటి సమావేశంలో సగం మంది ‘‘మీరెలా అంటే అలాగే’’ అన్నారు. నెల తిరిగేసరికి ఆ సగంలో ఒక్కరూ మిగల్లేదు. లిఫ్టులో ఎదురుపడినా పలకరింపులు లేవు. పోలరైజ్ కావడమంటే ఇదీ. ఉత్త ‘చీలిపోయారు’ చాలదు, నడుమ ఖాళీ అయిపోవడం అందులో వినిపించదు. ‘తటస్థులన్నవాళ్లే లేకుండా రెండు పక్షాలుగా మోహరించారు’ అని రాస్తే వినిపిస్తుంది.

ఎన్నికల వార్తల్లో అర్థం ఇంకాస్త జరుగుతుంది. అక్కడ ఎక్కువగా ఉద్దేశం ఒక వర్గం ఓట్లు ఒకవైపు కూడడం. ‘గంపగుత్తగా పడ్డాయి’ అనండి, మలక్‌పేట పెద్దాయన మళ్లీ ఫోన్ చేయరు.

ఒక నాయకుణ్ని ‘పోలరైజింగ్’ అన్నప్పుడు మాత్రం విశేషణం కోసం వెతకకండి, క్రియతో చెప్పండి: ‘ఆయనంటే కొందరు ప్రాణం పెడతారు, కొందరు పేరు వింటేనే భగ్గుమంటారు.’