మామిడిపండు నిప్పుల మీద కాల్చే ముందు జాగ్రత్తలు

బేనీషా మండీకి దిగి, వెనకే తోతాపురి వచ్చే రోజులివి. మేడ మీద కుంపటి పెట్టి పండ్లు కాల్చుకుని తినాలనుకునేవాళ్లకు ఇదే అదును. నిప్పు సిద్ధమయ్యాక పని పావుగంటదే. కానీ పండు నిండా నీళ్లూ చక్కెరే. తడి ఉన్నంతసేపూ పండు ఉడుకుతుందే గానీ కాలదు, తడి ఆరాక చక్కెర చూస్తుండగానే మాడిపోతుంది.

కాల్చడానికి దోరపండే సరి. బాగా మాగిన బేనీషా జాలీ మీద గుజ్జై జారి నిప్పుల్లో పడుతుంది. తోతాపురి కండ గట్టి, కాస్త పులుపు కూడా ఉంటుంది కాబట్టి మా మొగ్గు దానివైపే. బొటనవేలితో నొక్కితే కొద్దిగా మాత్రమే లొంగాలి. పైనంతా ఒకే పసుపు ఉండి, తొడిమ దగ్గర వాసన లేక, కోస్తే లోపల పచ్చిగా ఉంటే కార్బైడ్‌తో మాగబెట్టారేమోనని అనుమానించండి. మన దేశంలో దాని వాడకం నిషిద్ధం. ఇథిలీన్ వాయువుకైతే 100 పీపీఎం (పది లక్షల పాళ్లలో వంద పాళ్లు) వరకు అనుమతి ఉంది. పచ్చి కాయ నిప్పు మీద పెట్టినంత మాత్రాన తియ్యబడదు.

తొడిమ దగ్గర కారే సొన చర్మానికి తగిలితే పొక్కుతుంది. కాయల్ని అరగంట నీళ్లలో వేసి, తొడిమ చుట్టూ రుద్ది కడిగి, పొడిగుడ్డతో తుడిచాకే కోయాలి. టెంకకు రెండు పక్కలా చెక్కలు తీయండి, తొక్క ఉంచండి. నలుగురికి రెండు కాయలు చాలు. నాలుగు చెక్కలకూ కలిపి చెంచాడు నెయ్యి పండుకే పూయాలి. జాలీకి పూస్తే కారి మంట లేస్తుంది. అనాస అయితే రెండు సెంటీమీటర్ల మందాన చక్రాలు, అరటి అయితే తొక్కతోనే నిలువునా రెండు ముక్కలు. పుచ్చకాయ జోలికి పోవద్దు, అంతా నీళ్లే.

జాలీ విషయంలో చాలామంది పొరబడతారు. హార్డ్‌వేర్ షాపులో దొరికే మెరిసే జీఐ మెష్‌కు జింక్ పూత ఉంటుంది, అది బాగా కాలితే వచ్చే పొగ ఒంటికి చేటు. స్టీలుది గానీ పూత లేని ఇనుపది గానీ వాడండి. చికెన్ కూడా కాల్చే ఉద్దేశం ఉంటే పండ్లే ముందు కాల్చండి.

ఇస్త్రీ బొగ్గు కిలో చాలు. రాజేయడానికి కొబ్బరి పీచు, చిప్పలు వాడండి. కిరోసిన్, పెట్రోల్ వద్దే వద్దు. భగ్గుమనడమే కాదు, ఆ కంపు పండుకు పడుతుంది. కుంపటి కింద ఇటుకలు పేర్చండి, లేకపోతే గచ్చు పగులుతుంది. పందిరికీ బట్టల తీగకూ దూరంగా పెట్టండి. సాయంత్రం గాలికి నిప్పురవ్వ ఎటుపోతుందో చెప్పలేం. నైలాన్ చున్నీలు వేసుకుని దగ్గరికి రావద్దు.

బొగ్గు మీద తెల్లటి బూడిద పొర కట్టేదాకా, అంటే దాదాపు అరగంట, ఆగాలి. జాలీకి జానెడు ఎత్తున అరచెయ్యి పెడితే ఐదారు సెకన్లు ఓర్చుకోగలిగినప్పుడు కోసిన వైపు కిందికి పెట్టండి. రెండు మూడు నిమిషాలు కదపకూడదు. ముందే లాగితే కండ జాలీకే అంటుకుంటుంది, కాలిన చార పడ్డాక దానంతటదే వదులుతుంది. తిప్పి ఒక్క నిమిషం ఉంచి దించేయండి. మంట లేస్తే నీళ్లు చల్లకండి, ఆవిరి, బూడిద మొహం మీదికి కొడతాయి. పట్టకారుతో పండును పక్కకు జరిపితే చాలు.

తీపి ఎప్పుడూ దించాకే. వంద గ్రాముల బెల్లం అర గ్లాసు నీళ్లలో కరిగించి, ఇసుక లేకుండా వడగట్టి, కాస్త చిక్కబడ్డాక యాలకుల పొడి, చిటికెడు ఉప్పు వేసి పైన పోయండి. పక్కన గడ్డపెరుగు బాగుంటుంది. కోసిన ముక్కలు ఈ ఎండల్లో గంటకు మించి బయట ఉంచొద్దు.

పాకం చెయ్యి మీద పడితే అంటుకుని కాలుస్తూనే ఉంటుంది. వెంటనే కుళాయి నీళ్ల కింద ఇరవై నిమిషాలు పెట్టండి. ఐసు, పసుపు, టూత్‌పేస్టు పెట్టొద్దు. బొబ్బ పెద్దదైతే ఆసుపత్రికి వెళ్లండి.

అన్నిటికన్నా ముఖ్యం: గాలివాన మొదలైందని రాజుకున్న కుంపటిని గదిలోకో, మెట్ల కిందికో తేవొద్దు. బొగ్గు నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు, కిటికీ తెరిచామన్న ధైర్యం పనికిరాదు. తలనొప్పి, వికారం, మగత అనిపిస్తే అందరూ బయటికి వచ్చేసి 108కి ఫోన్ చేయండి. వాన పడితే నిప్పు అక్కడే ఆరిపోనివ్వండి, పండ్లు రేపు కాల్చుకోవచ్చు.

బూడిద పైకి చల్లగా కనిపించినా లోపల నిప్పు మరుసటి రోజుదాకా ఉంటుంది. కొంచెం కొంచెంగా నీళ్లు పోస్తూ దూరంగా నిలబడి ఇనుప గరిటెతో కలపండి. పూర్తిగా చల్లారాకే చెత్తబుట్టలో వేయండి.