గైడ్ రాడ్డుతో ఇంట్లోనే గొడ్డలికి పదును పెట్టుకోవడం

గ్యాస్ వచ్చాక కూడా మా ఇంట్లో నీళ్లకాగు కింద కట్టెలే, కాబట్టి గొడ్డలికి పని ఉంటూనే ఉంటుంది. ఊళ్లో కొలిమి ఉన్నన్నాళ్లు పదును గురించి ఆలోచించే పనే లేదు. అది మూతపడ్డాక ఒక వెల్డింగ్ షాపులో ఇస్తే గ్రైండర్ పెట్టి రెండు నిమిషాల్లో మెరిపించి ఇచ్చారు, చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంది, కానీ అంచు పొడవునా నీలం రంగు తిరిగింది. ఉక్కు అలా నీలంగా మారిందంటే దాదాపు 300 డిగ్రీల దాకా వేడెక్కినట్టు, అంటే పానం (ఉక్కుకి ఎక్కించిన గట్టిదనం) దిగిపోయినట్టే. వారం తిరక్కుండా అంచు మెత్తబడి మడతపడిపోయింది. అందుకే మొదటగా చెప్పేది, గ్రైండర్ జోలికి వెళ్లొద్దు. చేత్తో రాసే రాయి గొడ్డలిని అంత వేడెక్కించలేదు.

చేత్తో రాస్తే వచ్చే చిక్కల్లా కోణం. ప్రతి రాపిడికీ మణికట్టు కొంచెం ఊగుతుంది, దాంతో వాదర (కోసే అంచు) గుండ్రంగా అరిగిపోతుంది. గైడ్ సిస్టమ్ ఆ ఊగడాన్ని ఆపుతుంది. రాయిని ఒక రాడ్డుకి బిగిస్తారు, రాడ్డు రెండో కొస ఒక నిలువు స్తంభం మీద ఉన్న రంధ్రంలోంచి జారుతుంది, రంధ్రం ఎత్తు మారదు కాబట్టి రాయి వాలూ మారదు. లాన్‌స్కీ లాంటి, కత్తులకు పదును పెట్టే కిట్లలో 17, 20, 25, 30 డిగ్రీలకు విడివిడిగా రంధ్రాలు ఉండేది ఇందుకే. అయితే కత్తుల బిగింపులో గొడ్డలి పట్టదు, పట్టినా అది వెనక లావుగా ముందు సన్నగా ఉంటుంది కాబట్టి జారిపోతుంది. గొడ్డలికి పనికొచ్చే బిగింపు ఉన్న కిట్ కొనుక్కోవచ్చు, లేదా నాలాగా బల్ల మీదే తయారు చేసుకోవచ్చు.

కావలసినవి పెద్దగా ఏమీ లేవు. కదలని బల్ల, రెండు సి-క్లాంపులు, అరమీటరు పొడవున్న నున్నటి ఇనప రాడ్డు, ఆ రాడ్డు వదులుగా పట్టే రింగు బోల్టు, దాన్ని బిగించడానికి నిలువు చెక్క, రాయిగా వాడే ఆరంగుళాల డైమండ్ ప్లేట్లు మూడు (200, 400, 1000 గ్రిట్‌కి అటూఇటూగా, అంకె పెరిగేకొద్దీ నున్నన), ఒక మార్కర్ పెన్ను.

ఇక కోణం. పచ్చి సరుగుడో సుబాబులో నరికే గొడ్డలికి నేను ఒక్కో వైపు 25 డిగ్రీలు పెడతాను, ఎండిన తుమ్మ మొద్దులు చీల్చేదానికి 30. ఇంకా సన్నగా పెడితే మొదటి రోజు బాగానే తెగుతుంది గానీ ముడి తగిలిందంటే అంచు విరుగుతుంది. వాదర నుంచి స్తంభానికి 25 సెంటీమీటర్ల దూరం ఉంటే, రంధ్రం వాదర కంటే 11.7 సెంటీమీటర్ల ఎత్తులో ఉన్నప్పుడు 25 డిగ్రీలు వస్తుంది, 14.4 అయితే 30 వస్తుంది. రాయి అడుగు రాడ్డు మధ్యకంటే ఎంత కిందికి ఉంటే దాదాపు అంత ఎత్తు కలపాలి. ఈ లెక్క తలనొప్పి అనిపిస్తే వాలు చూపించే ఫోన్ యాప్ తెరిచి ఫోన్‌ని రాయి వీపు మీద ఆనించి చూడండి, సరిపోతుంది.

నేను తప్పు చేసింది ఇక్కడే, కొంచెం నిదానంగా చదవండి. గొడ్డలిని బల్ల మీద పడుకోబెడితే కింది పక్క బల్లకి ఆనుతుంది, కానీ గొడ్డలి మధ్యరేఖ మాత్రం వాదర వైపు దిగి ఉంటుంది, ఎందుకంటే వెనక భాగం లావు. ఆ దిగుడు 7 డిగ్రీలు ఉందనుకుంటే మీరు 25 పెట్టినా నిజంగా పడేది 18 మాత్రమే. నాకు అలాగే జరిగింది, పదును అద్దంలా వచ్చింది, తుమ్మ మొద్దు మీద నాలుగు దెబ్బలకే అంచులో సందులు పడ్డాయి. అందుకని వాదర వైపు కింద సన్నటి చెక్క ముక్క పెట్టి లేపండి, పక్కనుంచి చూస్తే మధ్యరేఖ బల్లకి సమాంతరంగా కనపడాలి. ఆ తర్వాతే క్లాంపులు బిగించండి, రెండూ బిగించాలి, ఒక్కదానితో అయితే గొడ్డలి పక్కకి తిరిగిపోతుంది.

స్తంభం గొడ్డలి వెనక వైపున, సరిగ్గా వాదర మధ్యకి ఎదురుగా ఉండాలి. గొడ్డలి వాదర వంపుగా ఉంటుంది కదా, స్తంభం మధ్యలో ఉంటే రెండు మూలల దగ్గరా కోణం పెద్దగా మారదు, కొంచెం మారినా రెండు వైపులా ఒకేలా మారుతుంది. మూడు సెంటీమీటర్లు పక్కకి జరిగిందంటే ఒక మూల కొంచెం పలచగా, ఇంకో మూల కొంచెం మొద్దుగా తయారవుతుంది.

పెద్ద సందులుంటే ముందు ఆకురాయితో తీసేయాలి, ఆకురాయిని ముందుకి తోసేటప్పుడే నొక్కాలి, వెనక్కి తెచ్చేటప్పుడు ఎత్తేయాలి. తర్వాత వాదర పొడవునా మార్కర్ పూసి ముతక ప్లేటు వేయండి. చేతికి మందపాటి గ్లౌజు, పిల్లలు ఆ దరిదాపుల్లో ఉండకూడదు. ప్లేటు మీద రెండు చుక్కల నీళ్లు చాలు, బలంగా నొక్కొద్దు. పది రాపిళ్లకొకసారి ఆగి చూడండి. రంగు పైభాగంలోనే పోయి కొసన మిగిలితే కోణం తక్కువ, రింగు కొంచెం ఎత్తాలి. కొసన మాత్రమే పోతే కోణం ఎక్కువ. మూలల దగ్గర రాయి సగమైనా వాదర మీదే ఉండాలి, బయటికి జారిందంటే మూల గుండ్రమైపోతుంది.

ఎప్పుడు ఆపాలి? అవతలి వైపు గోరుతో వెనక నుంచి వాదర కొస వైపుకి మెల్లగా గీకితే సన్నటి గరుకు పొర తగలాలి, అదీ ఈ మూల నుంచి ఆ మూల దాకా. ఒకచోట తగిలి ఇంకోచోట తగలకపోతే పని కాలేదు, ఓపిగ్గా కొనసాగించండి. మొద్దుబారిన గొడ్డలికి ఒక్కో వైపు అరగంట పట్టినా కంగారు పడకండి, మళ్లీసారికి పది నిమిషాల్లో అయిపోతుంది.

గొడ్డలిని ఊరికే తిప్పి తిప్పి బిగించకుండా ఒక వరస పాటించండి. మొదటి వైపు ముతక ప్లేటు, తిప్పి రెండో వైపు ముతక, అక్కడే 400, 1000 కూడా వేసేసి మళ్లీ తిప్పి మొదటి వైపు 400, 1000 వేస్తే సరి. తిప్పిన ప్రతిసారీ చెక్క ముక్క, వాలు మళ్లీ చూసుకోవాలి. చివరి ప్లేటుకి రాయి బరువే చాలు, నొక్కనే వద్దు. 1000 దాటి వెళ్లడం కట్టెలు కొట్టే గొడ్డలికి అనవసరం.

క్లాంపులు తీశాక పాత తోలు బెల్టు మీద, వాదర వెనక్కి ఉండేలా లాగుతూ ఒక్కో వైపు పదిసార్లు రాస్తే మిగిలిన పొర ఊడిపోతుంది. చీల్చే గొడ్డలైతే కొత్త పదును మొదలయ్యే గీతని చేత్తోనే కొంచెం గుండ్రం చేయండి, మొద్దులో ఇరుక్కోవడం తగ్గుతుంది. వేలితో పరీక్షించొద్దు. దీపం కింద వాదరని కంటికి ఎదురుగా పట్టుకుంటే మొద్దుగా ఉన్నచోట తెల్లటి గీత మెరుస్తుంది, పదునైన చోట ఏమీ కనపడదు. గీత ఎక్కడా లేకపోతే తుడిచి రెండు చుక్కల మెషిన్ ఆయిల్ రాసి, నీళ్ల పైపు ముక్కని పొడవునా చీల్చి వాదరకి తొడిగి, తడి తగలని చోట పెట్టండి.