నాన్న ఫ్రీజర్‌లో పదహారు డబ్బాలు

మా నాన్నకు డెబ్బై నాలుగేళ్లు. రాజమహేంద్రవరంలో ఒక్కరే ఉంటారు, చక్కెర వ్యాధి ఉంది. అమ్మ చనిపోయిన ఏడాది వేసవిలో నేను వెళ్లి చూస్తే, రెండు పూటలా ఆవకాయ, పెరుగన్నంతోనే గడిపేస్తున్నారు. అన్నం వండుకోగలరు, తన ఒక్కడి కోసం పప్పు ఉడికించుకోవడానికే ఆయనకు మనసు రాదు. అప్పటినుంచి నెలకోసారి హైదరాబాద్ నుంచి వెళ్లి, శనివారమంతా వండి, పూటకొక డబ్బా చొప్పున ఫ్రీజర్‌లో పెట్టి వస్తున్నాను. రోజు విడిచి రోజు ఒకటి తీసుకుంటారు.

ముందు కొలత తేల్చుకోండి. నాన్న పప్పు వేసుకునే గిన్నెలో నీళ్లు పోసి కొలిస్తే 200 మిల్లీలీటర్లు వచ్చాయి. అందుకని 250 మిల్లీలీటర్ల స్టీలు డబ్బాలు పదహారు కొన్నాను. గడ్డకట్టేటప్పుడు పప్పు పొంగుతుంది, పైన అర అంగుళం ఖాళీ ఉండాలి. పెద్ద గిన్నెలో పెడితే ఒక్క పూట కోసం మొత్తం కరిగించాల్సి వస్తుంది. కరిగినదాన్ని మళ్లీ గడ్డకట్టించకూడదు.

పప్పుకూరలు బాగా నిలుస్తాయి. అర కిలో కందిపప్పు, నాలుగు కట్టల తోటకూర వేస్తే నాకు ఎనిమిది డబ్బాలు నిండుతాయి. మిగతా ఎనిమిదింటిలో గోంగూర పప్పు, అలసందల కూర, శనగల కూర. మొదటిసారి బంగాళాదుంప కూర పెట్టాను. కరిగాక నీరు కారి, ముక్క పిండిపిండిగా అయిపోయింది. దోసకాయ, సొరకాయ కూడా నీరోడతాయి. మజ్జిగ పులుసు విరుగుతుంది.

తాలింపు మాత్రం నేను పెట్టను. వేడి చేసుకునేటప్పుడు ఒక చెంచా నూనెలో ఆవాలు, వెల్లుల్లి, ఎండుమిర్చి నాన్నే వేయించుకుంటారు. ఆ వాసనకే ఆకలి వేస్తుందంటారు. నెల నాటి పప్పు అప్పుడే వండినట్టు ఉండాలంటే ఇంతకన్నా మంచి ఉపాయం నాకు తెలియదు.

చల్లార్చడంలో అశ్రద్ధ వద్దు. వండినది గిన్నెలోనే వదిలేయకుండా వెంటనే డబ్బాల్లోకి తీసి, వెడల్పాటి పళ్లెంలో చన్నీళ్లు పోసి అందులో నిలబెట్టండి, పైన ఫ్యాను వేయండి. ఆవిరి పూర్తిగా పోయాకే మూత. పొయ్యి మీంచి దించిన రెండు గంటల్లోపు అవి ఫ్రిజ్‌లోనో ఫ్రీజర్‌లోనో ఉండాలి; ఎండాకాలంలో గంటలోపే. పదహారూ ఒకేసారి ఫ్రీజర్‌లో కుక్కితే లోపలి చలి తగ్గిపోతుంది, మిగతావి ఈలోగా ఫ్రిజ్‌లో ఉంచి నాలుగేసి చొప్పున పెట్టండి. ఫ్రీజర్ మైనస్ 18 డిగ్రీల దగ్గర ఉండాలి. ఒంటి తలుపు ఫ్రిజ్‌లలో ఐసు గడ్డలు కట్టే చిన్న అరలో అంత చలి నిలవకపోవచ్చు, దాన్ని నమ్మి నెలకు సరిపడా పెట్టవద్దు.

మూత మీద కాగితపు టేపు అంటించి, కళ్లజోడు లేకుండా కనబడేంత పెద్ద అక్షరాలతో పేరు, తేదీ రాస్తాను. పాతవి ముందు వరుసలో.

తినే ముందు రోజు రాత్రి డబ్బాను ఫ్రిజ్ కింది అరలోకి దించాలి. మరిచిపోతే, డబ్బాను అయిదు నిమిషాలు నీళ్లలో ఉంచితే గడ్డ జారి వస్తుంది. దాన్ని మూకుడులో వేసి, రెండు చెంచాల నీళ్లు చల్లి, మూతపెట్టి సన్నసెగన మరిగించాలి. అంచులు ఉడికితే చాలదు, నడుమ కూడా బుడగలు రావాలి. కరగాలని డబ్బాను వంటగట్టు మీద పొద్దుటినుంచి మధ్యాహ్నం దాకా వదిలేయడం మాత్రం వద్దు.

ఇక కరెంటు పోయినప్పటి సంగతి. ఫ్రీజర్‌లో ఒక కప్పు నీళ్లు గడ్డకట్టించి, దాని మీద రూపాయి బిళ్ల పెట్టి ఉంచాను. ఊరెళ్లి వచ్చాక బిళ్ల పైనే ఉంటే భయం లేదు. కప్పు అడుగుకు దిగి ఉంటే, లోపల అంతా కరిగి మళ్లీ గడ్డకట్టిందన్నమాట. అలాంటప్పుడు రుచి చూడకుండా డబ్బాలన్నీ పారబోయమని నాన్నకు చెప్పాను. అన్నం మెతుకు కింద పడితే ఏరుకుని తినే మనిషి, ఒప్పించడానికి మూడు నెలలు పట్టింది.