హాస్యపాత్రలో ఉంటూనే వేదికపై సొంత మాట వేయడం ఎలా?

సొంత మాట అంటే నాటికలో రాసి లేనిది, అప్పటికప్పుడు పాత్ర నోట వచ్చేది. ఇందుకు కావలసినవి నాటిక ప్రతి, ఒక పెన్సిలు, పాత్ర రోజూ వాడే వస్తువు ఒకటి, మీ పొరపాటును మొహమాటం లేకుండా చెప్పే తోటి నటుడు ఒకరు. విగ్గును, పెట్టుడు మీసాన్ని చివరి వారం వరకు ముట్టుకోకండి. అవి ముందే చేతికి వస్తే నటుడు పాత్రను వెతకడం మాని వాటి చాటున దాక్కుంటాడు.

మొదట పాత్రకు ఏం కావాలో, ఏం బయటపడకూడదని చూస్తోందో చెరొక వాక్యంలో రాసుకోండి. ఇంటి యజమాని పాత్రనే తీసుకుంటే, అతడికి అద్దె పెంచాలని ఉంది, కానీ ఆశపోతు అనిపించుకోవడం ఇష్టం లేదు. నవ్వు పుట్టేది ఈ రెండింటి పెనుగులాటలోనే. 1892లో తొలిసారి ప్రదర్శించిన ‘కన్యాశుల్కం’లో గిరీశం ఎవరినో నవ్వించాలని మాట్లాడడు. అతడు విజయనగరంలో అప్పులవాళ్ల బారి నుంచి తప్పించుకోవాలి, అయినా శిష్యుడి ముందు గురుస్థానం జారిపోకూడదు, కనుకనే ఆ ఇంగ్లీషు ముక్కలన్నీ. నత్తి పెట్టి, కుంటి నడక పెట్టి, ఏదో ఒక ప్రాంతపు యాసను ఎగతాళి చేసి రాబట్టే నవ్వును నేను హాస్యం కింద లెక్కపెట్టను.

నడక, కూర్చునే తీరు, చేతుల కదలిక రెండు మూడు రిహార్సల్స్‌లో కుదిరిపోతాయి. సంభాషణలను మాత్రం పొల్లు పోకుండా కంఠస్థం చేయండి, ఎందుకంటే రాసిన మాట రానివాడు వేసేది సొంత మాట కాదు, మరచిపోయిన మాటకు అతుకు.

ఇక అందరూ బోర్లా పడే చోటు ఇదే. వేదికపై అనుకోనిది జరిగినప్పుడు నటుడి బుర్రలో మొదట మెరిసేది చాలాసార్లు జోకు, అది నటుడిదే తప్ప పాత్రది కాదు. దానిని మింగేయండి. ఒక్క ఊపిరి ఆగి, ‘ఇప్పుడు ఇతడికి ఏం కావాలి?’ అని అడిగితే రెండో మాట వస్తుంది. అద్దెకున్నవారి చేతిలోంచి గాజు గ్లాసు జారి పగిలిందనుకోండి. మన యజమాని ‘పర్వాలేదండీ, గ్లాసే కదా’ అంటూనే వంగి నేలమీద పలకకు గీత పడిందేమో వేలితో తడిమి చూస్తాడు. కరెంటు పోతే ‘ఈ నెల బిల్లు మీకు కాస్త కలిసొస్తుంది, అది కూడా గుర్తుపెట్టుకోండి’ అంటాడు. ప్రేక్షకుల్లో పసిబిడ్డ ఏడిస్తే అటు తిరగడు. లోపలి గది వైపు చెవి పెట్టి, ‘ఇల్లు ఇచ్చేటప్పుడు ఇద్దరే అన్నారు, ఈ మూడో గొంతు ఎవరిది?’ అని అడుగుతాడు.

బిడ్డ తల్లితో నేరుగా మాట్లాడితే తప్పేమిటని, అది మన సంప్రదాయమే కదా అని కొందరు నాతో వాదిస్తారు. తోలుబొమ్మలాటలో జుట్టుపోలిగాడు, బంగారక్క రామాయణం నడుమ దూరి ఊరి సంగతులు మాట్లాడతారు. బుర్రకథలో హాస్యగాడికీ ఆ చనువు ఉంది. అది ఆ కళారూపాలు ఇచ్చిన అనుమతి. నాలుగు గోడల మధ్య నడిచే సాంఘిక నాటికలో ఇంటి యజమానికి ఎదురుగా మూడు వందల మంది కూర్చున్నారన్న సంగతే తెలియదు. తెలిసినట్లు ప్రవర్తించిన మరుక్షణం అద్దె గొడవ అబద్ధమైపోతుంది, దాని తర్వాత ఎంత అరిచినా ఆ ఇల్లు మళ్లీ నిలబడదు.

సొంత మాట వేయడం కన్నా దాని నుంచి తిరిగి రావడం కష్టం. తోటి నటుడు అందుకోవలసిన చివరి మాటల కింద ప్రతిలో పెన్సిలుతో గీతలు గీసి, మీరు ఎంత దూరం వెళ్లినా ఆ మాటలను మాత్రం రాసినట్లే పలకండి. కూచిపూడి భామాకలాపంలో చెలికత్తె మాధవి సత్యభామ చేత భర్త పేరు చెప్పించడానికి ఆ సంభాషణను ఎంతైనా సాగదీయవచ్చు, కానీ పేరు చెప్పించాలన్న పట్టును విడవదు కాబట్టే ఆ సాగతీత చెల్లుతుంది. నేను ఒకసారి నవ్వు బాగా పేలిందన్న ఉత్సాహంలో మరో రెండు మాటలు కలిపి, అసలు మాటను మింగేశాను. కూతురి పాత్ర వేసిన అమ్మాయి తలుపు వెనుక ఆ మాట కోసం ఎదురుచూస్తూ నిలబడిపోయింది. ఆ రాత్రి నుంచి ఒక దృశ్యానికి ఒక్క సొంత మాటే నా లెక్క. నవ్వు పూర్తిగా ఆగక ముందే, అది తగ్గుముఖం పట్టినప్పుడే తర్వాతి సంభాషణ అందుకోవాలి.

ప్రదర్శన ముగిశాక ఆ మాటను నాటిక ప్రతిలో అంచున రాసి, ఉంచాలో తీసేయాలో దర్శకుడిని అడగండి. గ్లాసు పగిలిన రోజు పుట్టిన మాట కోసం మరుసటి ప్రదర్శనలో గ్లాసును కావాలని జారవిడవకండి.