తెలుగు ఈపబ్‌లో అక్షరం విరిగితే ఎవరికి చెప్పాలి? మూతపడే ఇష్యూలు, కారణాలు, పరిష్కారాలు

ఈపబ్ అంటే ఈ-పుస్తకాల ఫైల్ రూపం. దాని ప్రమాణం గురించిన చర్చ అందరికీ కనిపించేలా, కోడ్ పంచుకునే గిట్‌హబ్ సైట్‌లోనే నడుస్తుంది. 2017లో ఈపబ్‌ను చూసుకునే ఐడీపీఎఫ్ సంస్థ వెబ్ ప్రమాణాల సంస్థ డబ్ల్యూ3సీలో కలిసింది, 2023 మేలో ఈపబ్ 3.3 డబ్ల్యూ3సీ రికమండేషన్ (తుది ప్రమాణం) అయింది. ఖాతా ఉన్న ఎవరైనా ఇష్యూ, అంటే సమస్యను తెలిపే పోస్టు, తెరవొచ్చు. తెరిచాక అది కదలకపోతే కారణం దాదాపు ఎప్పుడూ కింది వాటిలోనే ఉంటుంది.

సమస్య: ఇష్యూ తెరిచిన రెండో రోజే మూసేశారు

ముందు పుస్తకం ఫైలు ప్రమాణం ప్రకారం ఉందో లేదో చూసే ఈపబ్‌చెక్ నడిపారా? ఈ ఒక్క పని చేయకుండా "ప్రమాణంలో తెలుగుకు న్యాయం జరగలేదు" అని రాసేవాళ్లు ఇంకా ఉన్నారు. డబ్ల్యూ3సీ తరఫున డెయిజీ కన్సార్షియం నిర్వహించే ఉచిత పరికరం అది. జావా ఉంటే చాలు, నిమిషంలో ఫలితం వస్తుంది. పుస్తకమే చెల్లనిదైతే మిగతా చర్చకు చోటే లేదు.

ఎక్కువగా దొరికే తప్పు మైమ్‌టైప్ ఫైలుది. ఈపబ్ అంటే లోపల ఒక జిప్, అది ఈపబ్ అని చెప్పే చిన్న ఫైలే ఈ మైమ్‌టైప్. అది జిప్‌లో మొట్టమొదటి ఫైలుగా, కంప్రెస్ చేయకుండా ఉండాలి. అందులో సరిగ్గా 20 బైట్లే ఉండాలి. టెక్స్ట్ ఎడిటర్ చివర్లో ఒక కొత్త వరుస చేర్చినా, మొదట్లో బీఓఎం (కంటికి కనిపించని ఎన్‌కోడింగ్ గుర్తు) పెట్టినా 20 దాటిపోతుంది. ఫోల్డర్ మీద రైట్‌క్లిక్ కొట్టి జిప్ చేస్తే ఫైళ్ల వరుస మారిపోతుంది. ఈపబ్‌చెక్ ఈ తప్పులను పీకేజీ-006, పీకేజీ-007 అనే సంకేతాలతో చూపిస్తుంది. పరిష్కారం రెండు విడతల్లో జిప్ చేయడం: మొదట మైమ్‌టైప్ ఒక్కదాన్నే కంప్రెషన్ సున్నాతో, తర్వాత మిగతావన్నీ మామూలుగా. చాలా యాప్‌లు ఈ తప్పును చూసీచూడనట్టు పోనిస్తాయి కాబట్టి "నా ఫోన్‌లో తెరుచుకుంటోంది" అన్నది రుజువు కాదు.

డీటీపీ నుంచి వచ్చిన పాఠమైతే ఒక పేరా కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో అతికించండి. ఇంగ్లిష్ అక్షరాల కలగాపులగం కనిపిస్తే అది యూనికోడ్ (అన్ని లిపుల అక్షరాలకూ సంఖ్యలిచ్చే ప్రమాణం) కాదు. ముందు మార్పిడి చేయించండి.

సమస్య: అధ్యాయం మొదటి అక్షరాన్ని పెద్దది చేస్తే ఒత్తు విడిపోతోంది

"స్త్రీ"తో మొదలయ్యే పేరా తీసుకోండి. పేజీ రూపాన్ని నిర్దేశించే సీఎస్ఎస్‌లో, మొదటి అక్షరాన్ని పెద్దది చేసే ఫస్ట్-లెటర్ నియమం పెట్టారు. తెర మీద పెద్ద "స్" ఒకటి, దాని పక్కన చిన్న "త్రీ" ఒకటి నిలబడ్డాయి. "క్షమ" అయితే "క్", "షమ". వెంటనే గిట్‌హబ్‌లోని ఈపబ్ రిపోజిటరీలో (ప్రమాణం ఫైళ్లు, ఇష్యూలు ఉండే చోట) ఇష్యూ పడుతుంది, వెంటనే మూతపడుతుంది. మూసినవాళ్ల తప్పు లేదు. మొదటి అక్షరం కోసం ఈపబ్ తనకంటూ వేరే సీఎస్ఎస్ రాసుకోదు, డబ్ల్యూ3సీ సీఎస్ఎస్‌నే ఆధారం చేసుకుంటుంది. ఆ సీఎస్ఎస్ కూడా "మొదటి అక్షరం" ఎక్కడ ముగుస్తుందో తేల్చడానికి యూనికోడ్ చెప్పే గ్రాఫీమ్ క్లస్టర్ (ఒకే అక్షరంగా లెక్కించే గుంపు) మీద ఆధారపడుతుంది. తప్పు కనిపించేది పై అంతస్తులో, పుట్టింది పునాదిలో. అందుకే ఇది ఇంత సులువుగా దారి తప్పిస్తుంది.

అసలు సంగతి ఇది. "స్త్రీ"లో ఆరు కోడ్ పాయింట్లు (యూనికోడ్ విడిగా సంఖ్య ఇచ్చిన గుర్తులు) ఉన్నాయి: స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం. యూనికోడ్ పాత నియమం పొల్లు తర్వాత క్లస్టర్‌ను తెంచేది. అంటే స్, త్, రీ అని మూడు ముక్కలు. మనకు ఒకే అక్షరం, యంత్రానికి మూడు. 2023 సెప్టెంబరులో వచ్చిన యూనికోడ్ 15.1 జీబీ9సీ అనే కొత్త నియమం చేర్చింది. బెంగాలీ, దేవనాగరి, గుజరాతీ, మలయాళం, ఒడియా, తెలుగు లిపుల్లో హల్లు, పొల్లు, హల్లు వరుసగా వస్తే మధ్యలో తెంచకూడదన్నది దాని సారం. అంటే ప్రమాణం స్థాయిలో మన సమస్య తీరిపోయింది. "దీన్ని చేర్చండి" అని ఇప్పుడు అడిగితే "చేర్చేశాం" అనే జవాబే వస్తుంది.

మరి తెర మీద ఎందుకు విరుగుతోంది? నియమం పుస్తకంలో ఉంటే సరిపోదు, యూనికోడ్ నియమాలను అమలు చేసే ఐసీయూ లాంటి సాఫ్ట్‌వేర్ లైబ్రరీలోకి రావాలి. ఆ లైబ్రరీ బ్రౌజర్ ఇంజిన్‌లోకో ఆపరేటింగ్ సిస్టమ్‌లోకో చేరాలి, దాన్ని చదివే యాప్ వాడుకోవాలి. అప్‌డేట్లు ఆగిపోయిన టాబ్లెట్‌లో, ఫర్మ్‌వేర్ మారని ఈ-ఇంక్ పరికరంలో పాత నియమమే నడుస్తూ ఉంటుంది. కొన్ని ఇంజిన్లు మొదటి అక్షరాన్ని సొంత లెక్కతో కోస్తాయి కూడా.

తప్పు ఏ అంతస్తుదో ఇలా పట్టుకోండి. అదే పేరాను, అదే నియమాన్ని మామూలు హెచ్‌టీఎంఎల్ పేజీలో పెట్టి బ్రౌజర్‌లో తెరవండి. అక్కడా విరిగితే ఈపబ్‌కు సంబంధం లేదు. ఇప్పుడు ఫస్ట్-లెటర్ నియమం తీసేయండి. ఒత్తు సరిగ్గా కూర్చుంటే ఫాంటూ షేపింగూ (అక్షరాలను కలిపి గీసే పని) బాగున్నాయన్నమాట, దోషం క్లస్టర్ విభజనలో ఉంది. నియమం తీసేసినా ఒత్తు విడిగానే ఉంటే ఫాంట్‌ను అనుమానించండి. చివరగా అదే బ్రౌజర్‌లోని టెక్స్ట్ పెట్టెలో "స్త్రీ" రాసి కుడి బాణం మీట నొక్కండి. కర్సర్ ఒక్క గెంతులో దాటితే కొత్త నియమం వచ్చినట్టు, మధ్యలో ఆగితే పాతదే నడుస్తున్నట్టు అనుకోవచ్చు. ఇది సూచన మాత్రమే, తీర్పు కాదు.

పుస్తకం రేపు విడుదల కావాలంటే ఫస్ట్-లెటర్‌ను వదిలేసి, మొదటి అక్షరం చుట్టూ స్పాన్ (హెచ్‌టీఎంఎల్‌లో కొంత పాఠాన్ని వేరుచేసే ట్యాగ్) చేత్తో పెట్టండి. స్పాన్ పూర్తి అక్షరం తర్వాతే ముగియాలి: గుణింతపు గుర్తు, సున్నా, విసర్గ అన్నీ లోపలే. "సంధ్య" అయితే "సం" మొత్తం స్పాన్‌లోకి రావాలి. సున్నా బయట మిగిలితే అది చిన్న సైజులో విడిగా వేలాడుతుంది, గుడి మిగిలితే చుక్కల వలయం కనిపించవచ్చు. లైన్-హైట్ (వరుస ఎత్తు) 1 పెట్టకండి. ఇంగ్లిష్ పెద్దక్షరానికి కింద ఏమీ ఉండదు, మన "స్త్రీ"కి కింద రెండు ఒత్తులుంటాయి, అవి తరువాతి వరుసను గుద్దుకుంటాయి. 1.4తో మొదలుపెట్టి కంటితో చూసి సరిచేయండి.

ఇక ఫిర్యాదు. విభజన పాతదైతే ఆ ఇంజిన్ లేదా యాప్ బగ్ ట్రాకర్‌కు, ఫాంట్‌దైతే ఫాంట్ తయారుచేసినవాళ్లకు, నియమం వచనమే అస్పష్టంగా ఉంటే సీఎస్ఎస్ వర్కింగ్ గ్రూప్ రిపోజిటరీకి వెళ్లాలి. ఎక్కడికి పంపినా ఒకటి గుర్తుంచుకోండి: అది చదివేవాళ్లకు తెలుగు రాకపోవచ్చు. విడిపోయిన "స్‌త్రీ", కలిసిన "స్త్రీ" అలాంటివాళ్లకు రెండూ బొమ్మలే. ఒప్పు, తప్పు పక్కపక్కన పెట్టిన స్క్రీన్‌షాట్, కోడ్ పాయింట్ల వరుస, యాప్ వెర్షన్, ఓఎస్ వెర్షన్, ఒక్క పేరాతో చేసిన చిన్న ఈపబ్ జతచేయండి. మూడు వందల పేజీల నవల మొత్తం పంపితే ఎవరూ తెరవరు.

సమస్య: పుల్ రిక్వెస్ట్ పంపితే ఐపీఆర్ చెక్ ఎర్రగా ఆగిపోయింది

పుల్ రిక్వెస్ట్ అంటే ప్రమాణం వచనంలో మార్పు ప్రతిపాదన, ఐపీఆర్ అంటే మేధో సంపత్తి హక్కులు. ఆగడానికి కారణం డబ్ల్యూ3సీ పేటెంట్ విధానం. ప్రమాణాన్ని అందరూ రుసుము లేకుండా వాడుకోవాలంటే, వచనం ఇచ్చినవాళ్లు పేటెంట్ హక్కుల విషయంలో మాట ఇవ్వాలి. అచ్చుతప్పు సవరణే అయితే ఆ మాట రాయండి, ప్రమాణం ఎడిటర్లు దాన్ని సంపాదకీయ మార్పుగా గుర్తిస్తారు. అర్థం మారేదైతే సభ్యులు కానివారి కోసం ఉన్న లైసెన్సింగ్ ఒప్పందాన్ని నింపాలి. అదీ వద్దనుకుంటే ఇష్యూలో సమస్యను మాత్రం వివరించి, వచనం రాసే పని గ్రూప్ సభ్యులకు వదలండి.

సమస్య: అందరూ ఒప్పుకున్నారు, అయినా అంశం తుది ప్రమాణంలోకి రాలేదు

ఒప్పుకోవడం వేరు, అమలు వేరు. క్యాండిడేట్ రికమండేషన్ (తుది ప్రమాణానికి ముందు) దశలో ఆ అంశాన్ని విడివిడిగా తయారైన కనీసం రెండు అమలులు చేసి చూపించాలన్నది మామూలుగా పెట్టుకునే గీటురాయి. ఈపబ్ 3.3కి ఇందుకోసమే ఒక పరీక్షల రిపోజిటరీ కట్టారు. చేతనైన సాయం అక్కడే ఉంది. ఒక్క అంశాన్ని పరీక్షించే ఈపబ్ తయారుచేయండి. "కింది వాక్యం ఇలా కనిపిస్తే పాస్" అనే గీటురాయిని ఆ ఈపబ్ లోపలే రాయండి. మీ దగ్గరున్న రెండు మూడు యాప్‌లలో నడిపి ఫలితాలు పంపండి.

గ్రూప్ చార్టర్ (పని పరిధి, గడువు చెప్పే పత్రం) గడువు ముగియడం, అధికారిక అభ్యంతరం పడటం లాంటి వాటివల్ల ఆగడం అరుదు.