హై ఫ్రీక్వెన్సీ కాయిల్‌కు కోర్ ఎలా ఎంచుకోవాలి?

పోయిన వేసవిలో అనంతపురంలో మా మిద్దె మీది సోలార్ ప్యానల్‌కు చిన్న డీసీ కన్వర్టర్ ఒకటి కట్టాను. స్విచింగ్ 100 కిలోహెర్ట్జ్. చోక్ (కరెంటు ఊగులాటను అణిచే కాయిల్) చుట్టడానికి కోర్‌గా, అంటే తీగ చుట్టే అయస్కాంత పదార్థంగా, పాడైన కంప్యూటర్ పవర్ సప్లైలోంచి పీకిన పసుపు-తెలుపు రింగు వాడాను. అరగంటకే తీగ మీది ఎనామెల్ పూత కాలిన వాసన. స్విచ్‌గా పని చేసే మాస్‌ఫెట్ చల్లగానే ఉంది, రింగు మాత్రం చేయి పెట్టనివ్వలేదు.

తప్పు రింగుది కాదు. కంప్యూటర్‌లో అది మోసేది ఎక్కువ డీసీ, దాని మీద కొద్దిపాటి రిపిల్, అంటే కరెంటు ఊగులాట. నేనేమో సైజు తగ్గుతుందని ఇండక్టెన్స్ (కరెంటు మార్పును కాయిల్ అడ్డుకునే గుణం) తగ్గించుకున్నాను, రిపిల్ విపరీతంగా పెరిగింది. కోర్‌ను వేడెక్కించేది డీసీ కాదు, ఆ ఊగులాటే. కాబట్టి కోర్ వెతికే ముందు కాయిల్ చేత ఏం పని చేయించాలో తేల్చుకోండి.

1. పని ఏమిటి?

ట్రాన్స్‌ఫార్మర్ అయితే శక్తిని ఇటునుంచి అటు దాటిస్తుంది, దాచుకోదు. దానికి పర్మియబిలిటీ (అయస్కాంత బలరేఖల్ని తనలోంచి పోనిచ్చే గుణం), అంటే మ్యూ, ఎక్కువున్న ఫెర్రైట్ అనే అయస్కాంత పింగాణీ కావాలి, గ్యాప్ (కోర్ మధ్య ఖాళీ సందు) అక్కర్లేదు. చోక్ శక్తిని దాచుకోవాలి, దానికి గ్యాప్ తప్పనిసరి. ఫెర్రైట్‌లో ఆ గ్యాప్ మనమే పెట్టుకోవాలి. ఐరన్ పౌడర్, సెండస్ట్ (ఇనుము, సిలికాన్, అల్యూమినియం కలిసిన పొడి) కోర్లలో రేణువుకూ రేణువుకూ మధ్య సందు ఉంటుంది కాబట్టి గ్యాప్ ఒళ్లంతా పరుచుకునే ఉంటుంది. రేడియో ట్యూనింగ్ కాయిల్‌కు నష్టం తక్కువ ఉండాలి. నాయిస్ ఆపే ఫిల్టర్‌కు నష్టమే కావాలి, ఎందుకంటే నాయిస్ అక్కడే వేడిగా మారి పోవాలి. అందుకే 43 నంబర్ (తయారీదారు పదార్థానికి ఇచ్చే నంబర్) ఫెర్రైట్ కేబుల్‌కు తొడిగితే బంగారం, 7 మెగాహెర్ట్జ్ ట్యూనింగ్‌కు పెడితే దండగ.

2. ఫ్రీక్వెన్సీ ఎంత?

“మ్యూ ఎంత ఎక్కువుంటే అంత మంచిది” అనే మాట చాలామంది నోట విన్నాను. అది నిజం కాదు. ఫెర్రైట్లలో మ్యూ పెరిగేకొద్దీ అది పని చేసే ఫ్రీక్వెన్సీ హద్దు కిందికి దిగుతుంది.

50 హెర్ట్జ్‌కు వాడే సిలికాన్ స్టీల్ రేకుల్ని ఇక్కడ మరిచిపోండి. ఎడ్డీ కరెంట్ (కోర్ లోపలే సుడులు తిరిగే కరెంటు) నష్టం ఫ్రీక్వెన్సీ వర్గంతో పెరుగుతుంది. సుమారు 25 నుంచి 500 కిలోహెర్ట్జ్ దాకా పవర్ పనులకు మాంగనీస్-జింక్ ఫెర్రైట్: ఎన్87, 3సీ90 లాంటివి, మ్యూ 2200 చుట్టుపక్కల. మెగాహెర్ట్జ్‌లలోకి వెళ్తే నికెల్-జింక్ ఫెర్రైట్, ఉదాహరణకు మ్యూ 125 ఉన్న 61 నంబర్. ట్యూనింగ్‌కైతే ఎర్ర రింగు, పసుపు రింగు అని మనం పిలిచే 2, 6 నంబర్ల ఐరన్ పౌడర్. వీటి మ్యూ 10, 8.5 మాత్రమే.

ఈ రెండింట్లో ఏది? మన ఊరి ఎండకు నేను పసుపు వైపే. డిగ్రీ వేడికి ఇండక్టెన్స్ ఎర్ర రింగులో పది లక్షలకు 95 వంతులు మారితే, పసుపులో 35 వంతులే మారుతుంది. 7 మెగాహెర్ట్జ్ ఆసిలేటర్‌లో ఎర్ర రింగు ఒక్కటే డిగ్రీకి 330 హెర్ట్జ్ దాకా జరుపుతుంది. పొద్దున 27 డిగ్రీలు, మధ్యాహ్నం 42 అనుకోండి, దాదాపు 5 కిలోహెర్ట్జ్ పక్కకు పోయి కూర్చుంటుంది. పొద్దున పట్టుకున్న స్టేషన్ భోజనం వేళకు దొరకదు.

3. చేతిలో ఉన్న కోర్ ఏది?

పాత సామాన్లలో దొరికిన రింగు రంగును పూర్తిగా నమ్మకండి, ఎవరి పెయింట్ వాళ్లది. సామాను విప్పేటప్పుడు జాగ్రత్త: ప్లగ్ పీకాక కూడా పవర్ సప్లై కెపాసిటర్‌లో 300 వోల్టులు నిలిచి ఉండొచ్చు.

పూత లేని ఫెర్రైట్ అయితే మల్టీమీటర్‌ను ఓమ్స్‌లో పెట్టి రెండు మొనలూ కోర్ మీదే ఆనించండి. కిలో ఓమ్‌లలో రీడింగ్ వస్తే మాంగనీస్-జింక్, ఏమీ చూపకపోతే నికెల్-జింక్ అనుకోవచ్చు. పూత ఉంటే ఓ మూల గీకి చూడాలి.

తర్వాత పది చుట్లు చుట్టి ఇండక్టెన్స్ కొలవండి. చుట్ల వర్గంతో, అంటే 100తో, భాగిస్తే ఒక్క చుట్టు విలువ వస్తుంది. 35 మైక్రోహెన్రీ వచ్చిందంటే చుట్టుకు 350 నానోహెన్రీ: అరంగుళం లోపు రింగుకు ఇంత వస్తే అది ఐరన్ పౌడర్ కాదు, ఫెర్రైట్ అనుకోవచ్చు. అరంగుళం ఎర్ర రింగు పది చుట్లకు ఇచ్చేది అర మైక్రోహెన్రీ కూడా కాదు, చుట్టుకు 4.9 నానోహెన్రీయే. చవక మీటరుకు అది అందదు, 50 చుట్లు చుట్టి 12 మైక్రోహెన్రీ చుట్టుపక్కల వస్తుందేమో చూడండి.

ఇదే రింగు మీద 25 చుట్లు వేస్తే సుమారు 3 మైక్రోహెన్రీ. 165 పీకోఫారడ్ కెపాసిటర్ కలిపితే 7 మెగాహెర్ట్జ్ దగ్గర ట్యూన్ అవుతుంది.

4. వేడికి తట్టుకుంటుందా?

ఎన్87 కోర్ 25 డిగ్రీల దగ్గర 490 మిల్లీటెస్లా దాకా అయస్కాంత ప్రవాహాన్ని మోస్తుంది, 100 డిగ్రీలకు 390కి పడిపోతుంది. డేటాషీట్‌లో వేడి గడిలోని అంకెతోనే లెక్క వేయండి. అయితే పవర్ ఫెర్రైట్ గోరువెచ్చగా ఉందని టెన్షన్ పడొద్దు, వీటిలో చాలావాటికి నష్టం తక్కువుండేది 80–100 డిగ్రీల దగ్గరే.

నా పసుపు-తెలుపు రింగు లాంటి ఐరన్ పౌడర్ సంగతి వేరు. రేణువుల్ని పట్టి ఉంచే జిగురు నెలల తరబడి వేడికి చెడుతుంది, నష్టం పెరుగుతుంది, ఇంకా వేడెక్కుతుంది. నా మిద్దె మీది డబ్బాలోకి చివరికి సెండస్ట్ రింగే తెచ్చి పెట్టాను, చుట్లు కూడా పెంచాను. పరీక్ష రాత్రి కాదు, మే నెల మధ్యాహ్నం రెండు గంటలకు డబ్బా మూత వేసి చేశాను. గంట తర్వాత మూత తీసి వేలు పెడితే, వేలు ఉంచగలిగాను.