ఏప్రిల్, మే నెలల్లో గండికోట షూటింగ్: కెమెరా విభాగం ముందుగా తీసుకోవాల్సిన జాగ్రత్తలు

కడప జిల్లాలోని గండికోటకు రెక్కీ (షూటింగుకు ముందు చోటు చూసి రావడం) చాలామంది డిసెంబరులో, జనవరిలో చేస్తారు. అప్పుడు పెన్నా లోయ పైన గాలి చల్లగా ఉంటుంది, మధ్యాహ్నం కూడా ఎండ ఏటవాలుగా పడుతుంది, బండల గీతలన్నీ చక్కగా విడివిడిగా కనిపిస్తాయి. తీరా అందరి డేట్లు కుదిరేసరికి ఏప్రిల్ నెలాఖరో, మే నెలో అవుతుంది. చోటు అదే అయినా ఎండ అది కాదు. డిసెంబరులో సూర్యుడు తూర్పుకు 24 డిగ్రీలు దక్షిణంగా ఉదయిస్తాడు. ఏప్రిల్ చివరికి 15 డిగ్రీలు ఉత్తరంగా ఉదయిస్తాడు. అంటే రెక్కీలో రాసుకున్న ఫ్రేముకు వెలుగు దాదాపు 40 డిగ్రీలు పక్కకు జరిగిపోతుంది. సైడ్ లైట్ అనుకున్నది ఎదురెండ అయి కూర్చుంటుంది. కాబట్టి షూటింగుకు వారం ముందు డీఓపీ (ఛాయాగ్రాహకుడు), మొదటి అసిస్టెంటు, గాఫర్ (లైటింగ్ పెద్ద) ముగ్గురూ మళ్లీ వెళ్లి దిక్సూచి పెట్టి ప్రతి ఫ్రేమూ చూసుకోవాలి. ఫోన్లో సన్ ట్రాకర్ యాప్ ఉన్నా సరే, ఒకసారి కాళ్లతో వెళ్లి చూడాల్సిందే. కోట గోడ నీడ ఎన్నింటికి ఎక్కడి దాకా వస్తుందో యాప్ చెప్పదు.

గండికోట అక్షాంశం 14.8 డిగ్రీలు. ఏప్రిల్ 30, మే 1 తేదీల్లో సూర్యుడు మధ్యాహ్నం పన్నెండుంపావు ప్రాంతంలో సరిగ్గా నడినెత్తికి వస్తాడు. నిలబడ్డ మనిషి నీడ కాళ్ల కిందే ఉంటుంది. కనుగుంటలు నల్లగా, ముక్కు కింద మీసం గీసినట్టు నీడ పడుతుంది. ఇంకో సంగతి: ఇక్కడ సూర్యుడు దాదాపు నిటారుగా ఎక్కుతాడు, గంటకు 14 డిగ్రీలకు పైనే. 5.50కి ఉదయిస్తే ఏడింటికల్లా మెత్తటి వెలుగు ముగిసిపోతుంది. ఎనిమిదిన్నరకు ఎండ 37 డిగ్రీల ఎత్తులో ఉంటుంది. 'గోల్డెన్ అవర్' (పొద్దుటి బంగారు వెలుగు) అని ప్లాన్లో గంటన్నర రాసుకుంటే మొదటి రోజే దెబ్బతింటారు.

అందుకే ఈ సీజనులో పెట్టుకోవాల్సిన నియమం ఒక్కటే. పదకొండు నుంచి నాలుగు దాకా బయట షాట్ వద్దు. ఇది మనుషుల కోసం ఎంతో, బొమ్మ కోసం కూడా అంతే. తెల్లవారుజామున నాలుగున్నరకు జమ్మలమడుగు నుంచి బయల్దేరితే పదిహేను కిలోమీటర్లు, ఐదుంబావుకు కెమెరా దిగుతుంది. ఐదూ యాభైకి మొదటి షాట్. పదిన్నరకు బయటి పని ముగింపు. మళ్లీ నాలుగుంబావు నుంచి ఆరూ నలభై దాకా. పగటి పూట విడగొట్టినందుకు బేటా (రోజువారీ భత్యం), కాల్‌షీటు (పని గంటల) లెక్కలు ఎలా ఉంటాయో ప్రొడక్షన్ మేనేజరుతో ముందే తేల్చుకుని యూనిట్ అందరికీ చెప్పాలి. లొకేషన్లో ఆ మాట తేలకపోతే మూడో రోజుకు పని నీరుగారిపోతుంది. డ్రైవర్ల నిద్ర కూడా ఈ లెక్కలోనిదే. రాత్రి పదకొండుకు పడుకుని మూడున్నరకు లేచిన డ్రైవరు చేతికి వ్యాను ఇవ్వొద్దు.

ఇక ఎక్స్‌పోజరు. ఐఎస్ఓ 800, సెకనుకు 24 ఫ్రేములు, 180 డిగ్రీల షట్టరు పెట్టుకుంటే పూర్తి ఎండలో ఎఫ్ 4 దగ్గర పని చేయడానికి 8 స్టాపుల ఎన్‌డీ (వెలుగు తగ్గించే బూడిద రంగు ఫిల్టరు) కావాలి, అంటే ఫిల్టరు మీద 2.4 అని ఉండేది; ఒక్కో స్టాపుకు వెలుగు సగమవుతుంది. ఎఫ్ 2.8 కావాలంటే 2.7. ఇంత దట్టమైన మామూలు ఎన్‌డీ కళ్లకు కనిపించే వెలుగును ఆపుతుంది కానీ ఇన్‌ఫ్రారెడ్‌ను ఆపదు. ఫలితంగా నల్ల పంచె, నల్ల కోటు చాక్లెట్ రంగుకు తిరుగుతాయి. డీఐలో (తర్వాత కంప్యూటరు మీద రంగులు దిద్దేటప్పుడు) దాన్ని సరిచేయబోతే ముఖం రంగు కూడా పోతుంది. ఇన్‌ఫ్రారెడ్‌ను కూడా ఆపే ఐఆర్‌ఎన్‌డీ ఫిల్టర్లే తెప్పించుకోండి. ముందు రోజు కాస్ట్యూమ్స్ వాళ్ల దగ్గర నల్ల బట్టలు తీసుకుని, నూలు ఒకటి, పాలియెస్టర్ ఒకటి, ఎండలో ఆరేసి ప్రతి ఫిల్టరుతో పది సెకన్లు తీసి చూడండి. గుడ్డను బట్టి తేడా వస్తుంది. వైట్ బ్యాలెన్స్ ఫిల్టరు పెట్టాకే చేయాలి. మానిటరు చూసి ఎక్స్‌పోజరు తేల్చొద్దు. ఆ ఎండలో ఏ మానిటరైనా చీకటిగానే కనిపిస్తుంది, చెయ్యి తెలియకుండానే ఐరిస్ (లెన్సులో వెలుగు వచ్చే రంధ్రం) తెరుస్తుంది. వెలుగును కొలిచి చూపే ఫాల్స్ కలర్, వేవ్‌ఫామ్ చూడండి.

లాంగ్ లెన్సుల (దూరాన్ని దగ్గరగా చూపేవి) షాట్లు తెల్లవారుజామునే అయిపోవాలి. తొమ్మిది దాటితే బండల మీద గాలి మరుగుతున్న నీళ్లలా కదులుతుంది. 200 ఎంఎంలో అవతలి గట్టున నటుడు నిలబడితే ముఖం అలల్లో చూసినట్టుంటుంది. ఫోకస్ పుల్లర్ ఎంత తిప్పినా షార్ప్ రాదు, వాడి తప్పూ కాదు. వైడ్లు, క్లోజ్‌లు తర్వాతకు పెట్టుకోవచ్చు.

కెమెరా వేడి సంగతి కాగితం మీద ఉన్న అంకెతో మొదలుపెట్టండి. సోనీ, రెడ్ కెమెరాల్లో చాలావాటికి తయారీదారులు చెప్పిన హద్దు 40 డిగ్రీలు, ఆరీ అలెక్సా మినీకి 45. కడప జిల్లాలో మే నెలలో నీడలోనే 42, 43 మామూలు. ఎండలో పెట్టిన నల్ల బాడీ అంతకంటే చాలా పైకి పోతుంది. షాట్‌కూ షాట్‌కూ మధ్య కెమెరా మీద తెల్ల గొడుగు పట్టడానికి ఒక మనిషిని రోజంతా కేటాయించాలి. అతనికి వేరే పని చెప్పకూడదు. తడిగుడ్డ కప్పడం పొరపాటు, గాలి లోపలికి లాగే రంధ్రాలు మూసుకుంటాయి. రికార్డింగులో ఫ్యాను శబ్దం తగ్గించే సెట్టింగు ఉన్న కెమెరాలు పొడుగు టేకుల్లో వేడెక్కిపోతాయి. కట్ చెప్పగానే ఫ్యాను పూర్తిగా తిరిగేలా చూసుకోండి. ఐపీస్‌ను సూర్యుడి వైపు వదిలేసి పోవద్దు. అందులోని భూతద్దం ఎండను లోపలి తెర మీద కేంద్రీకరించి నిమిషాల్లో మచ్చ పడేస్తుంది. వైడ్ లెన్సుల్లో మౌంటు వేడెక్కి ఫోకస్ గుర్తులు జరుగుతాయి. తెల్లవారి ఒకసారి, సాయంత్రం పని మొదలుపెట్టే ముందు ఇంకోసారి టేపు పట్టి సరిచూడాలి. బ్యాటరీలు కారు డాష్‌బోర్డు మీద వద్దు. అప్పుడే దింపిన వేడి బ్యాటరీని వెంటనే ఛార్జింగు పెట్టొద్దు, నీడలో అరగంట ఆరనివ్వాలి.

స్కిమ్మర్ల (ఎండను మెత్తబరచడానికి ఫ్రేముకు కట్టే గుడ్డల) దగ్గర కాస్త ఆగాలి. ఇక్కడ ప్రమాదాలు గుడ్డతోనే మొదలవుతాయి. 12×12 ఫ్రేమంటే 144 చదరపు అడుగుల తెరచాప. గంటకు 30 కిలోమీటర్ల గాలి ఎదురుగా తగిలితే దాని మీద సుమారు 60 కిలోల తోపు పడుతుంది. గాలి 40కి చేరితే వంద కిలోలు దాటుతుంది. లోయ అంచున గాలి కిందినుంచి పైకి ఎగదన్నుతుంది, కాబట్టి పడుకోబెట్టిన ఫ్రేము కూడా గొడుగులా లేస్తుంది. ఒక్కో స్టాండుకు ఇద్దరు, నాలుగు మూలలా తాళ్లు, గాలి వచ్చే వైపు కాలు మీద ఇసుక బస్తాలు తప్పనిసరి. తాడు చేతికి చుట్టుకుని నిలబడే అలవాటు లైట్‌మెన్‌లో ఉంది, దాన్ని గట్టిగా ఆపించండి. గుడ్డ ఎగిరితే మనిషిని కూడా లాక్కుపోతుంది. దుమ్ము, కాగితాలు లేచి చిన్న కొమ్మలు ఊగుతున్నాయంటే గాలి 20 దాటిందని లెక్క, అప్పుడే గుడ్డ విప్పేయాలి. అంచు నుంచి 30 అడుగుల లోపల స్కిమ్మరు అసలే వద్దు. ఒక సాంకేతిక మాట కూడా: పైన ఫుల్ సిల్క్ (దట్టమైన తెల్ల గుడ్డ) కడితే నటుడి మీద దాదాపు రెండు స్టాపులు పడిపోతాయి. ఐరిస్ తెరిస్తే వెనక ఎర్ర బండలన్నీ తెల్లగా కాలిపోతాయి. పల్చటి గుడ్డ కట్టండి, లేదంటే నీడలో ఉన్న గోడను వెనక పెట్టుకోండి. కింది బండ నుంచి వచ్చే ఎర్ర వెలుగు గడ్డం కింద పడుతుంటే నేల మీద తెల్ల దుప్పటి పరిస్తే చాలు.

లోయ లోతు 300 అడుగుల పైచిలుకు. అంచున చాలాచోట్ల కటకటాలు లేవు. పైన గట్టిగా కనిపించే బండ పలకలు పలకలుగా పేర్చినట్టుంటుంది, కింద ఖాళీ ఉండొచ్చు. అంచుకు పది అడుగుల ఇవతల తాడు కట్టి, ఎర్ర గుడ్డలు వేలాడదీయాలి. దాన్ని దాటేవాళ్లకు హార్నెస్, వెనక కదలని బండకు కట్టిన యాంకర్ ఉండాలి. స్టాండుకు, ట్రైపాడ్‌కు కట్టింది యాంకర్ కాదు. ఐపీస్‌లో కన్నుపెట్టిన ఆపరేటరుకు చుట్టూ ఏముందో తెలియదు కాబట్టి నడుం బెల్టు పట్టుకునే మనిషి ఒకడు వెనక ఉండాలి. వెనక్కి నడుస్తూ తీసే షాట్లు అంచు దగ్గర పెట్టకండి. ఫైటర్, డూప్ లేని సీనే కదా అని ఊరుకోకండి. జారేది ఎక్కువగా టేకుల మధ్య నీళ్ల బాటిలు అందించడానికి పరిగెత్తే కుర్రాడు.

జిమ్మీ జిబ్ (ఒక కొసన కెమెరా, రెండో కొసన బరువులు ఉండే పొడుగు చెయ్యి) వాడితే ముందు నేల చదును చేసుకోవాలి, ఒక్కో కాలి కింద చెక్క చీలలు కొట్టి లెవెల్ చూడాలి. విప్పేటప్పుడు తొందరలో కెమెరా ముందు తీస్తే వెనక బరువు ధడేలుమని కిందికి దిగుతుంది, ఎదుటి కొస ఎగిరి దవడకు తగులుతుంది. బరువులు ముందు, కెమెరా తర్వాత. చీకటి పడుతున్నప్పుడే ఈ క్రమం తప్పుతుంది, కాబట్టి జిబ్ ఆపరేటరు నోటితో చెప్పేదాకా ఎవరూ కెమెరా మీద చెయ్యి వేయొద్దు.

మనుషుల విషయానికి వస్తే, హైదరాబాదు నుంచి వచ్చిన యూనిట్ శరీరం ఈ ఎండకు అలవాటు పడటానికి వారం పైనే పడుతుంది. వడదెబ్బ ఎక్కువగా తగిలేది మొదటి రెండు మూడు రోజుల్లోనే. మొదటి రోజు బరువైన సెటప్పులు, క్రేన్ పనులు పెట్టకండి. ఇరవై నిమిషాలకు ఒక గ్లాసు చొప్పున, దాహం వేసినా వేయకపోయినా నీళ్లు తాగించాలి. 70 మంది ఆరు గంటలు బయట ఉంటే తాగడానికే 400 లీటర్లు, అంటే ఇరవై లీటర్ల క్యాన్లు ఇరవై. ఊరికే నీళ్లే తాగితే చెమటలో పోయిన ఉప్పు తిరిగి రాదు. ఓఆర్‌ఎస్ పొట్లాలు లేకపోతే లీటరు నీటికి ఆరు టీస్పూన్ల చక్కెర, అర టీస్పూను ఉప్పు, రెండూ మట్టంగా కొలిచి కలపండి. ఉప్పేసిన మజ్జిగ, పల్చటి రాగి అంబలి పొద్దున్నే ఇస్తే ఇక్కడి లైట్‌మెన్ ఇష్టంగా తాగుతారు, టీ కంటే అదే మేలు. కెమెరా వాళ్లు అద్దాల్లో ప్రతిబింబం పడకూడదని నల్ల టీషర్టులు వేసుకుంటారు. బయట ఆ అవసరం లేదు, లేత రంగు వదులు నూలు చొక్కా, తలకు తువ్వాలు చాలు. పదింటికి ఇనుప స్టాండు చేతికి అంటుకునేంత కాలుతుంది కాబట్టి ప్రతి లైట్‌మ్యాన్‌కూ తోలు గ్లోవ్స్ ఇవ్వండి.

ఎవరైనా తూలుతున్నా, పొంతన లేకుండా మాట్లాడుతున్నా, పిలిస్తే పలకకపోయినా అది వడదెబ్బే అనుకోవాలి. చెమట పడుతోంది కదా అని వదిలేయొద్దు, బరువు పని చేసేవాళ్లకు చెమట పడుతూనే వడదెబ్బ తగులుతుంది. వెంటనే నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, ఒళ్లంతా నీళ్లు పోసి విసరాలి. మెడకు, చంకల్లో, గజ్జల్లో ఐసు పెట్టాలి. ఈ పని చేస్తూనే 108కి ఫోన్ చేయాలి. స్పృహ సరిగా లేని మనిషి నోట్లో నీళ్లు పోయకూడదు. కోట లోపలి నుంచి ఒక కారు ఎప్పుడూ జమ్మలమడుగు వైపు ముఖం పెట్టి, తాళంచెవితో సహా సిద్ధంగా ఉండాలి. ఆ కారును సామాన్లకు పంపొద్దు.

స్టాండు కాలి మీద బరువు పెట్టడానికి పక్కనున్న రాయి ఎత్తడం అందరికీ అలవాటు. ఇక్కడ రాయి కింద తేలు ఉంటుంది, అప్పుడప్పుడు పాము కూడా. ఇసుక బస్తాలు మీరే తెచ్చుకోండి. రాయి తీయక తప్పకపోతే ఇనుప రాడ్డుతో అవతలికి దొర్లించి చూడండి. రాళ్ల సందుల్లో, పాత కట్టడాల చూరుల కింద తేనెపట్టులు ఉంటే ఆ వైపు పొగ మిషను గానీ డ్రోను గానీ వద్దు.

అనుమతులు క్లుప్తంగా. కోట కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉంది, షూటింగుకు వాళ్ల అనుమతి వేరే తీసుకోవాలి. మాధవరాయ స్వామి గుడి, జామియా మసీదు, ధాన్యాగారం దగ్గర మేకులు కొట్టడం, చెక్కిన రాళ్ల మీద ట్రాక్ వేయడం కుదరదు. డ్రోనుకు గ్రీన్ జోన్‌లో (ముందస్తు అనుమతి అక్కర్లేని ప్రాంతంలో) 400 అడుగులు హద్దు. ఇదే షెడ్యూల్లో కర్నూలు జిల్లా ఓర్వకల్లు రాతివనాలు కూడా పెట్టుకుంటే అక్కడ విమానాశ్రయం పక్కనే ఉందని మరవొద్దు. విమానాశ్రయం చుట్టూ 8 కిలోమీటర్ల లోపల ఏటీసీ (విమానాల రాకపోకలు చూసే విభాగం) అనుమతి లేకుండా డ్రోను లేపకూడదు.

జనరేటరు వ్యాను మట్టి నేల ఉన్నచోటే ఆపండి. బండ మీద ఎర్త్ రాడ్డు దిగదు, రాయికి ఆనించి పెట్టిన రాడ్డు ఎర్తు కాదు. మట్టిలో దించి, చుట్టూ ఉప్పునీళ్లు పోసి తడిగా ఉంచాలి. 30 మిల్లీఆంపుల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా ఆపే స్విచ్చు) టెస్టు బటన్ రోజూ పొద్దున్నే నొక్కి చూడాలి. చుట్ట చుట్టిన కేబుల్‌లో పెద్ద లోడు నడిపితే చుట్ట లోపల వేడి నిలిచి తొడుగు కరుగుతుంది, మొత్తం విప్పి పరచాలి.

మే నెలలో మధ్యాహ్నం దాకా మబ్బు లేకపోయినా నాలుగు తర్వాత ఉన్నట్టుండి గాలివాన దిగుతుంది. పిడుగుల హెచ్చరిక ఇచ్చే దామిని యాప్ ఒకరి ఫోన్లో ఎప్పుడూ తెరిచి ఉండాలి. మెరుపుకు, ఉరుముకు మధ్య 30 సెకన్లు లేవంటే జిబ్, క్రేన్, స్టాండ్లు అన్నీ వదిలేసి వాహనాల్లోకి వెళ్లాలి. చివరి ఉరుము తర్వాత అరగంట ఆగాకే తిరిగి రావాలి. ఆ సమయంలో సామాను కాపాడటానికి ఎవరినీ పంపొద్దు, ఇన్సూరెన్సు ఉన్నది సామానుకే.

మధ్యాహ్నపు ఖాళీని నంద్యాల జిల్లా బెలూం గుహలతో నింపుదామనుకునే వాళ్లకు ఒక మాట. లోపల చల్లగా ఉండదు, ఉక్కపోత. ఏసీ గదిలో ఉన్న లెన్సును నేరుగా తీసుకెళ్తే అద్దం మసకబారుతుంది. పెట్టె తెరవకుండా లోపల ముప్పావుగంట ఉంచాలి. వేడి పుట్టించే దీపాలు వద్దు, ఎల్‌ఈడీలు బ్యాటరీ మీద నడపండి. జనరేటరు ఏ గుహ ముఖం దగ్గరా పెట్టొద్దు, పొగ లోపలికి దిగుతుంది.

సాయంత్రం ఆరూ నలభైకి ప్యాకప్ చెప్పాక చీకటి త్వరగా పడుతుంది. అంచు వైపు తిరిగి ఒక పెద్ద లైటు వెలిగించి ఉంచండి, సామానంతా వ్యాను ఎక్కాకే దాన్ని ఆర్పాలి. మేనేజరు జాబితా పట్టుకుని ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలవాలి. పలికినవాళ్లే బండెక్కాలి. పేరు పలకని మనిషి దొరికేదాకా ఒక్క వాహనం కూడా కదలకూడదు.